పళ్ళ తాడు

మార్చి వచ్చినా హాప్సలులో సముద్రం ఇంకా గట్టిగానే ఉంది.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు
మా పాత వోల్వో కడుపునిండా తిన్నది.
ఉప్పు తిన్న విశ్వాసం ఇనుముకి ఉండదు.

రేడియో నొక్కితే
డిక్కీలో మోటారు గిర్రున తిరిగి
కాసేపు గొణిగి ఊరుకుంటుంది.
యాంటెనా లేవదు.
బయట మిగిలిన జానెడు ముక్క
దారిన పోయేవాళ్ళకి సలాం కొడుతున్నట్టు
వంగిపోయి ఉంది.

పోనీలే, అన్నాను చేతులతో.
పాటలు లేకపోతే బండి నడవదా?
హెయినో తల అడ్డంగా ఊపాడు.
ఆరో ఏట జ్వరం వినికిడిని ఊడ్చుకుపోయిన మనిషి,
నలభై రెండేళ్ళ కాపురంలో
నా గొంతు ఎలా ఉంటుందో తెలియని మనిషి
రేడియో బాగుచేస్తానని భీష్మించుకున్నాడు.
నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

జర్మనీ నుంచి కవరొచ్చింది.
అందులో మెరిసే కడ్డీ, దానికి తోకలా
చుట్టలు చుట్టుకున్న తెల్లటి నైలాను తాడు.
తాడుకి ఒక పక్కంతా పళ్ళు,
చంటిపిల్ల పాలపళ్ళంతైనా లేవు.
పాత తాడు పళ్ళు అరిగి, విరిగి
మోటారు డబ్బా అడుగున పేలపిండిలా రాలి ఉన్నాయి.

స్టెప్నీ, బంగాళాదుంపల గోనె,
వాళ్ళమ్మ నాటి సైకిలు పంపు
అన్నీ తీసి మంచు మీద పెట్టాం.
పై నట్టు విప్పే పనిముట్టు మా దగ్గర లేదు.
నా కుట్టుపని కత్తెర మొనలు రెండు గాళ్ళలో దూర్చి తిప్పాడు.
నట్టు వచ్చింది, కత్తెర పోయింది.
కత్తెర సంగతి మేమింకా మాట్లాడుకోలేదు.

ఇది ఒంటిచేత్తో అయ్యే పని కాదు.
లోపల ఒకరు రేడియో దగ్గర కూర్చోవాలి,
వెనక ఒకరు తాడు పట్టుకోవాలి.
వేరే మొగుడూ పెళ్ళాలైతే
వెయ్యి, ఆపు, ఆపమన్నానా, అంటూ
వీధంతా వినేలా కానిచ్చేవాళ్ళు.
మాకు పక్క అద్దం ఉంది.
అందులో అతని చెయ్యి:
తెరిస్తే వెయ్యి, మూస్తే ఆపు.

చెయ్యి తెరిచాడు. వేశాను.
ముక్కు తుడుచుకోడానికి ముడిచాడు. ఆపేశాను.
తాడు అందక మోటారు ఉత్తినే తిరిగింది.
అప్పుడు అద్దంలో ఆ వేళ్ళు నన్ను తిట్టిన తిట్లు
ఇక్కడ రాయను.

రెండోసారి, ఎడమ అరచెయ్యి
బండి రేకు మీద ఆన్చాడు
నాడి చూసేవాడిలా, కళ్ళు మూసుకుని.
పిడికిలి. ఆపాను.
నాకు వినిపించింది మోటారు రొద, అంతే.
చక్రం ఒక్కో పన్నునీ అందుకోవడం
అతను విన్నాడు,
వేరే మాట దొరకడం లేదు నాకు,
మణికట్టుతో విన్నాడు.
తాడు, దాని వెనకే కడ్డీ
కలుగులోకి పాములా జారిపోయాయి.

మళ్ళీ తెరిచాడు. నొక్కాను.
కణుపు కణుపుగా లేచింది, ఆకాశంలోకి మూరెడు.
దీవులకి వెళ్ళే మంచు దారి మూసేశారని
రేడియో చెబుతోంది.
అతను కడ్డీ కొస వైపే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అడిగాను, నీకెందుకింత పట్టుదలని.
గ్రీజు చేతులతోనే చెప్పాడు:

చేపల మిల్లు నుంచొచ్చి గేటు ముందు ఆపినా
నువ్వు వెంటనే దిగవు. పాట అయ్యేదాకా కూర్చుంటావు.
వంటింటి కిటికీలోంచి నాకు కనిపించే పాట అదే.
అది దిగడం మొదలయ్యాకే
కాఫీ పొయ్యి మీద పెడతాను.
ఈ శీతాకాలమంతా
ఓ రోజు చల్లారింది, ఓ రోజు మాడింది,
నువ్వే గొణిగావుగా.

గొణిగినట్టు తనకెలా తెలిసిందో
నేను అడగలేదు.
తిరిగి వెళ్ళి సీట్లో కూర్చున్నాను.
ఏదో పాట, నాకు పెద్దగా నచ్చనిదే,
చివరిదాకా విన్నాను.

ఆ హడావిడిలో బంగాళాదుంపల గోనె
మంచులోనే మర్చిపోయాం.
తెల్లారేసరికి సగం రాళ్ళు.