తాలు

ప్రతి ఏడో గుమ్మం నాది.
మొదటిది చీటీ తీసి ఎంచుకోవాలి,
అక్కణ్ణుంచి ఏడేసి చొప్పున లెక్క,
నల్లచెరువు మూడో లైన్లో, సారు గీసిచ్చిన పటం చేతిలో.
ఏడో గుమ్మానికి తాళం.

ఎనిమిదో గుమ్మంలో సలోమి మంచినీళ్ళిచ్చి
"నన్నడుగు, నేను ఖాళీయే" అంది.
అడగకూడదు.
ఖాళీగా ఉన్నవాళ్ళనే అడిగితే
ఊరంతా ఖాళీగా ఉందని తేలుతుందట.
మూడుసార్లు వెళ్ళాలి. మూడుసార్లూ తాళమే అయితే
గడిలో తొంభైతొమ్మిది వేసి ముందుకు నడవాలి.

మూడుసార్లూ తాళమే.
నాలుగోసారి ఎందుకెళ్ళానో
నా నోటుబుక్కులో లేదు.

మస్తాన్‌బీ అప్పుడే వచ్చింది.
చెంగులో ఘాటు, కళ్ళల్లో జీర,
మోచేతుల దాకా కొబ్బరినూనె.
గడప మీద కూర్చుని
అరవై నాలుగు ప్రశ్నల కాగితం విప్పాను.

కుటుంబ యజమాని ఎవరు?
"యజమానా? ఇంటికా, నాకా?
ఇంటికైతే అరండల్‌పేటలో ఉంటాడు, ఒకటో తారీకుకొస్తాడు.
నాకైతే, ఉన్నప్పుడు కూడా లేడులే. రాసుకో."

నెలకు ఆదాయం?
"ఏ నెల?"
నా కాగితంలో నెలలన్నీ ఒకటే పొడుగు.
ఆమెకు రెండే నెలలు:
కాయ వచ్చే నెల, కాయ రాని నెల.

ఇరవయ్యో ప్రశ్న దగ్గర నిద్రపోయింది,
తల గోడకి ఆనించి, ఒక చెయ్యి నా కాగితం మీద.
లేపొచ్చో లేదో
మాకిచ్చిన పుస్తకంలో రాయలేదు.

మర్నాడు ఏటుకూరు రోడ్డు గోడౌన్లో
ఆమె పక్కనే కూర్చున్నాను, మిగతావి అడుగుతూ, తొడిమలు తీస్తూ.
పాల్గొంటూ పరిశీలించడం అంటారు దీన్ని.
పాల్గొన్న పది నిమిషాలకే
పరిశీలించడానికి కళ్ళు లేవు.
తుడుచుకోబోతే నలుగురు ఆడవాళ్ళు ఒక్క గొంతుతో
"చేత్తో కాదు!" అని అరిచారు.
అడక్కుండా దొరికిన మొదటి సమాచారం అది.

తొడిమ ఇటు, కాయ అటు.
ఎర్రనిది ఒక కుప్ప.
రంగు విరిగి తెల్లబడ్డది తాలు, ఇంకో కుప్ప.
"మా చదువులోనూ ఇంతే పిన్నమ్మా,
లెక్కలో ఇమడని వాళ్ళని పక్కన పెడతాం."
"పెట్టి?"
"వదిలేస్తాం."
చెయ్యి ఆగింది. ఆ రోజు మొత్తంలో అదొక్కసారే.
"తాలు ఎవరొదిలేస్తారే?
దానికీ రేటుంది, దానికీ కాటా ఉంది.
పొద్దున బండి మీద నువ్వు తిన్న బజ్జీలో
కారం ఏదనుకున్నావు?"

రాత్రి బ్రాడీపేట గదిలో
రికార్డు వింటూ అక్షరం పొల్లుపోకుండా రాశాను.
మాట, దగ్గు. మాట, దగ్గు, దగ్గు.
పద్ధతి ప్రకారం దగ్గుని బ్రాకెట్లో పెట్టాలి.
పెట్టాను. నలభై నిమిషాలకి నూట పదకొండు.
చదవడానికి అడ్డమొస్తున్నాయని
సారు అన్నిటినీ పెన్నుతో కొట్టేశారు.
అరవై నాలుగు ప్రశ్నల్లో
దగ్గు గురించి ఒక్కటీ లేదు.
ఆమె మాత్రం ప్రతి ప్రశ్నకీ
ముందుగా ఆ జవాబే ఇచ్చింది.

పేర్లు దాచాలి, అది మా నీతి.
వెళ్ళి చెప్పాను: థీసిస్‌లో మీ పేరుండదు,
ఇరవై మూడు అని ఉంటుంది.
"నయమే, గోడౌన్లో పదిహేడు" అంది.
కాసేపాగి,
"మరి సలోమికి ఎంతిచ్చావు?"

సలోమికి నంబరు లేదు.
ఎనిమిదో గుమ్మం కదా.

తిరిగొస్తూ అక్కడ ఆగాను. మంచినీళ్ళు తాగాను.
పెన్ను తియ్యలేదు, రికార్డరు నొక్కలేదు.
గంటన్నర మాట్లాడింది.