పన్నెండో చుట్టు

మార్కాపురంలో పుట్టినోళ్లకి
రాయంటే బరువు కాదు, పొర.
ఉలి మొనతో తట్టితే
పుస్తకంలా విచ్చుకునే నల్లటి నేల.
ఆ నేల తవ్వగా మిగిలిన పెంకుల దిబ్బల మధ్య
చదును చేసి, సున్నం గీతలు పోసి,
పాత టైర్లు సగానికి పాతి
మోటార్‌సైకిళ్ల పందెం పెట్టారు.
ఈ ఏటికి ఇదే ఆఖరిది.
ఛాంపియన్ ఎవరో ఇక్కడే తేలాలి.

నా పని పలక పట్టుకోవడం.
కంపెనీలో చెక్క చట్రాలు బిగించే చేత్తోనే
మూరెడు పలక మీద బలపంతో
ఎన్నో చుట్టు, ఎన్నో స్థానం రాసి
జిలానీ వచ్చే మలుపులో ఎత్తి చూపాలి.
ఎక్కాలు రాక మా వీధి బళ్లో
గోడకుర్చీ వేసిన పిల్లాడు
ఇప్పుడు నేను రాసే ఒక్క అంకె కోసం
అంత వేగంలోనూ తల తిప్పుతాడు.

నెల్లూరు పెంచలబాబుకి రెండు పాయింట్లు ఎక్కువ.
ఇద్దరిలో ఈరోజు ఎవరు ముందొస్తే వాళ్లదే కప్పు.
చిల్లర కొట్టు లెక్కంత తేలిక.

మొత్తం పదిహేను చుట్లు.
ఏడో చుట్టుకి నల్లమల మీద
ఎవరో తడి గోనెపట్టా ఆరేసినట్టు మబ్బు.
జనం బళ్లను చూడటం మానేశారు.
నా పక్కన తర్లుపాడు రైతు,
కంది రెండోసారి విత్తి మొలక కోసం చూస్తున్నవాడు,
"నా తల్లే, ఇటు తిరుగు, ఇటు" అంటున్నాడు.
బండిని కాదు.
నేను లోపల్లోపల "వద్దు, ఇంకాసేపు వద్దు" అనుకుని
మూడేళ్లుగా వాన లేని ఊళ్లో ఉండి
ఆ మాట అనుకున్నందుకు నాలిక కరుచుకున్నా.

పదో చుట్టు: రెండు అని రాశా.
పదకొండు: మళ్లీ రెండే. బండెడు దూరం.
మొదటి చినుకు ఆ రెండు తోక మీద పడింది.
తర్వాతివి లెక్కకు అందలేదు.

తడిసిన పలకపెంకు మీద నడిచినోళ్లకి తెలుసు
అది రాయి కాదు, చేప.
పెంచలబాబు చెయ్యి బ్రేకు మీదికి పోయింది,
తెలివైనవాడు కాబట్టి.
జిలానీ ఈ దిబ్బల మీద
చెప్పుల్లేకుండా జారి పెరిగినవాడు.
గని మలుపులో లోపలి గట్టుకి
కాలు దించి, బండిని పడుకోబెట్టి, లేపి
ముందుకొచ్చేశాడు.
నేను చూశా. ఇంకెవరు చూశారో తెలీదు.
పైట చెంగుతో పలక తుడిచి ఒకటి రాశా.
అంత పెద్ద ఒకటి నా జన్మలో రాయలేదు.
ఎత్తేలోపే మోచేతి దాకా తెల్లగా కారిపోయింది.

అప్పుడు ఎర్రజెండా ఊపారు.

ఒంగోలు నుంచి వచ్చిన పెద్దమనిషి మైకులో చెప్పాడు:
చుట్టు పూర్తికాకుండా ఆపితే ముందు చుట్టే లెక్క.
పదకొండో చుట్టు. పెంచలబాబు.
రూలు పుస్తకంలో ఉంది,
పుస్తకం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.
పన్నెండోది జరగనే లేదు.

గొడవ చెయ్యడానికైనా మనుషులుండాలి గదా.
ఊరు ఊరంతా నోరు తెరిచి ఆకాశాన్ని తాగుతోంది.
తర్లుపాడు రైతు ఎప్పుడో పరిగెత్తాడు
ఒక చెప్పు నా కాళ్ల దగ్గర వదిలేసి.
కప్పు ఇస్తుంటే చప్పట్లు కొట్టింది నలుగురం,
అందులో జిలానీవే గట్టివి.
పెంచలబాబు కప్పులో నిండిన నీళ్లు ఒంపి దిగొచ్చి
"ఆ మలుపులో నన్ను దాటుకున్నావు గదన్నా"
అన్నాడు, మెల్లిగా, మైకుకు దూరంగా.

బండి స్టార్టు కాలేదు.
ఇద్దరం నెట్టుకుంటూ బయల్దేరాం.
"పన్నెండో దాంట్లో ఏం రాసినావక్కా?"
"ఒకటి."
"చూళ్లేదే. కళ్లద్దం నిండా నీళ్లు."
చంకలో పలక తీసి చూపించా.
నల్లగా, నున్నగా,
ఇంకా ఏ పిల్లా దిద్దని పలకలా ఉంది.
దానివంక చదువుతున్నట్టే చూశాడు కాసేపు.
తర్వాత హ్యాండిల్ సర్దుకుని
"గట్టిగా నెట్టక్కా, ఇక్కడ బురద" అన్నాడు.

బురద.
ఆ మాట విని ఎన్నాళ్లయింది.