ఇరవై అడుగులకు ఒకసారి

మంచు ఇంకా గెనిమల మీదే పడుకొని ఉంటుంది.
చెప్పులు చేత్తో పట్టుకొని నడుస్తాను,
గరిక తడి మడమల దాకా ఎక్కుతుంది.
కార్తీకం మొదట్లో పలమనేరు చలి పలచనే,
పైట చుట్టుకుంటే చాలు.

శెనక్కాయ పీకేశారు. చేనంతా ఎర్రమన్ను.
పిల్లలు వేళ్లతో కెలికి పరిగె ఏరుకుంటున్నారు.
"అవ్వా, గుర్రం రాలేదా?" అంటాడు వాళ్లలో పొట్టోడు.
వస్తుంది. దానికి నాకన్నా బద్ధకం.

దాని పేరు బేగం. నేను పెట్టింది కాదు.
చిత్తూరులో జట్కా మూలబడ్డాక
పీరాసాయిబు దాన్ని పెండ్లిళ్లకు తిప్పాడు, పదకొండేళ్లు.
నెత్తిన తురాయి, మెడకు పూసలు,
వీపు మీద చెమటలు కక్కే పెండ్లికొడుకులు.
మోకాలు వాచాక బేరానికి ఎవరూ రాలేదు.
"నాలుగు మూటల ఉలవలు బాకీ ఉన్నానమ్మా,
దీన్నే ఉంచుకో" అన్నాడు
గుర్రం మొహం చూడకుండా.

యాభై ఆరేళ్లకు గుర్రమెక్కడం నేర్చుకున్నాను.
మొదట బండ మీంచి,
తర్వాత నీళ్లతొట్టి అంచు మీంచి.
ఊళ్లో నవ్వారు. నేనూ నవ్వాను,
పడ్డప్పుడు తప్ప.

బేగానికి పరుగు తెలీదు.
ఇరవై అడుగులు వేస్తుంది, ఆగుతుంది,
ఎవరో ఫొటో తీసుకుంటారని,
ముందర ఎవరో టపాసు కాలుస్తారని.
ఎవరూ ఉండరు. గట్టంతా తంగేడు పూసి ఉంటుంది.
మామిడికొమ్మకు ఎండిన తేనెపట్టు.
సరే, ఆగినాం కదా అని నేనూ చూస్తాను.
అట్లా ఆగి ఆగి
ముప్పై ఏళ్లుగా నాదే అనుకున్న తోటలో
నేనెరగని చెట్టొకటి కనపడింది:
బావి వెనక సీతాఫలం, ఎవరూ నాటంది,
కళ్లు విచ్చిన కాయలు నాలుగు.
గింజలు తీసి గుజ్జు అరచేతిలో పెడితే
చేతి గీతలతో సహా నాకింది.

వంక దగ్గర మాత్రం బిగుసుకుపోతుంది.
రాత్రి కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగాయి.
అరటి పెరికి, కంచె తొక్కి,
దారి నడుమ ఇంకా ఆవిరి వదులుతున్న లద్దె.
బేగం చెవులు రెండూ ముందుకు. చర్మం మీద అల వెంట అల.
మెడ నిమురుతూ అబద్ధం చెబుతాను:
"పోయినాయిలే, ఎప్పుడో పోయినాయి."
ఎక్కినోళ్ల గుండె చప్పుడు గుర్రానికి
తొడల్లోంచి వినిపిస్తుందని
పీరాసాయిబు అన్నమాట అప్పుడే గుర్తొస్తుంది.

మొన్న పొద్దుగూకే వేళ గంగవరం దారిలో పలకలు మోగాయి.
కళ్లెం లాగాను. అదే నన్ను లాక్కుపోయింది.
తుమ్మకంప దాటి, టమోటా కర్రలు దాటి,
వాచిన మోకాలు మరిచిపోయి
నేరుగా లైట్ల నడుమకు తీసుకెళ్లి నిలబెట్టింది నన్ను,
మాసిన చీరతో, బొట్టులేని మొహంతో,
చేతిలో సగం కొరికిన జామకాయతో.

పలకలు ఆగిపోయాయి.
కారులో పెండ్లికొడుకు అద్దం దించి చూశాడు.
"దారి తప్పింది" అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.
"తప్పలేదమ్మా, పిలిస్తేనే వచ్చింది" అని
ఎవరో ముసలాయన పలకల వాళ్లకు చెయ్యి ఊపాడు.
బేగం మెడ ఎత్తింది.
ఇరవై అడుగులు. ఆగింది.
ఈసారి నిజంగానే ఎవరో ఫొటో తీశారు.

తిరుగుదారిలో తుంపర. చీకట్లో శెనక్కాయ కట్టె వాసన.
దిగి పక్కన నడిచాను, దాని మోకాలి కోసం.
నాదీ అంతంతమాత్రమే.
గాట్లో కట్టేస్తుంటే కళ్లెంలో ఇరుక్కొని
ఎవరి దండలోదో ఒక బంతిపువ్వు.
దాచుకుందామని చెయ్యి పెట్టేలోగా
తినేసింది.