మధ్యరకం

ముప్పై ఒక్క ఏళ్ళు
లాత్వియా తపాలా మోసిన భుజం ఇది.
కవరు చేతిలో పడగానే
ఎన్ని బిళ్ళలు అంటించాలో చెప్పేసేదాన్ని.
ఆఫీసు త్రాసు నా తర్వాత చెప్పేది.

అందుకే రౌనా దారిలో గైడిస్ కొట్లో
ధరల చీటీలు తిప్పి చూడలేదు.
"ముందు పట్టుకోనీ" అన్నాను.

చిన్న రంపం బాగానే ఉంది,
ఆపిల్ కొమ్మలు కత్తిరించుకునేవాళ్ళకి.
నా పొయ్యికి మాత్రం
ఏడు నెలల ఆకలి.

పెద్దదాన్ని బల్లమీదికెత్తేటప్పుడు
గైడిస్ కళ్ళు మెరిశాయి.
డెబ్బై సీసీ.
ఓక్ మాను అడ్డొచ్చినా వెన్నముద్దే, అన్నాడు.
నాకే ఓక్ మానూ అడ్డు రాలేదయ్యా ఇన్నేళ్ళలో.
నాకున్నవి
గట్టు దాటి పొలంలోకి చొరబడుతున్న ఆల్డర్లు,
మొన్నటి గాలికి ఒరిగిన బర్చ్‌లు రెండు,
పడమటి హద్దులో పైనుంచి ఎండుకొస్తున్న ఒక్క యాష్.
కందకు లేని దురద కత్తికెందుకు?

మా అన్న హరాల్డ్స్ దగ్గర ఉండేది పెద్దది.
ద్రుజ్బా.
రష్యన్‌లో స్నేహం అని అర్థం.
సమష్టి క్షేత్రం మూసేసిన నెల
జీతం బదులు చేతిలో పెట్టారు,
పన్నెండు కిలోల స్నేహాన్ని.
ఇరవై చలికాలాలు దాంతో కోశాడు.
ఆ తర్వాత పొద్దున్నే అతని వేళ్ళు
సున్నం పూసినట్టు తెల్లబడేవి.
చొక్కా గుండీలు వదినే పెట్టేది.

మూడోది అడిగాను.
యాభై సీసీ, పదిహేను అంగుళాల బార్,
ఐదు కిలోల మీద ఓ గుప్పెడు.
చెయ్యి చాచి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను.
సోమవారం సంచి భుజం కోసేది,
శనివారం సంచి గాలికి ఎగిరేది.
ఇది బుధవారం.

తొడుగులు తియ్యకుండానే
పెట్రోలు మూత తిప్పి చూశాను, తిరిగింది.
నా పొట్టి వేళ్ళకి బ్రేకు అందింది.
కాళ్ళకి వేసుకునే రక్షణ ప్యాంటు ధర విని
నోరు తెరిచాను.
"కాలు ధరెంతమ్మా, వెల్తా?" అన్నాడు.
పొద్దుటినుంచి అతనన్న మంచి మాట అదొక్కటే.
రెండూ కట్టమన్నాను.

నవంబరు. మొదటి ఆల్డర్.
పడాల్సిన దిక్కుకి నోరు కోసి,
వెనకనుంచి వస్తూ
రెండు వేళ్ళ మందం కీలు వదిలి,
పక్కకి తప్పుకున్నాను.
అనుకున్న చోటుకి మూరెడు ఎడంగా పడింది.
చూసినవాళ్ళెవరూ లేరు గనక
అనుకున్న చోటే పడిందని రాసుకోవచ్చు.
తెల్లటి మొదలు
టీ తాగి వచ్చేసరికి ఎర్రబారింది.

వారం పోయాక యాష్ దగ్గరికెళ్ళాను.
రంపం సగంలో
పిల్లి తోక తొక్కినట్టు అరిచింది.
నిప్పురవ్వ ఒకటి. ఆపేశాను.

గొడ్డలితో చెక్కి చూస్తే
కలపలో నల్లటి చార, సగం తెగిన మేకు,
దాన్ని అంటుకుని నీలం రేకు పీలిక.

ఆ నీలం నాకు తెలుసు.
జెల్మా ఉత్తరాల పెట్టె.
వానాకాలం మూత బిగుసుకునేది,
మోచేత్తో ఒక్కటిస్తేగానీ తెరుచుకునేది కాదు.
కరెంటు బిల్లులు, విత్తనాల కేటలాగు,
ఈస్టర్‌కి ఒక కార్డు, ప్రతి ఏడూ ఒకే చేతిరాత.
ఇల్లు ఖాళీ అయినప్పుడు పెట్టె ఊడదీశారు.
మేకు కోసం ఎవరు వంగుతారు.

మొద్దు మీద కూర్చుని
ఆకురాయి తీశాను.
ముప్పై రెండు పళ్ళు.
ఇరవై మూడింటికి రెండేసి రాపిళ్ళు చాలాయి.
తొమ్మిదింటికి ఎన్నో లెక్కపెట్టలేదు,
చీకటి పడింది.

ఆ సగం మేకు కోటు జేబులో వేసుకున్నాను.
పది గ్రాములుంటుంది.
ఒక బిళ్ళ చాలు.