బాయిలర్ కోసం వచ్చినవాడు

స్టోర్నోవేలో పబ్బులెక్కడున్నాయో
నా బూట్లకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.
ఈ తలుపు కోసం మాత్రం
వానలో మూడుసార్లు అదే సందు తిరిగాను.

రాత్రి డ్యూటీ నర్సు మాత్రల డబ్బా చింపి రాసిచ్చింది:
మంగళవారం, ఏడున్నర, చేపల గోదాము పక్కన, వెనక తలుపు.
తడికి ఏడు కరిగిపోయి
అర మిగిలింది.

తలుపు మూసుకోకుండా ఇటుక పెడుతూ ఒకావిడ
"లోపలికేనా?" అంది.
"బాయిలర్ చూడ్డానికొచ్చా."
ఇరవై రెండేళ్ళు ఫెర్రీ ఇంజిన్ల కింద పడుకున్నవాణ్ణి,
అబద్ధం కూడా నూనె వాసనతోనే వస్తుంది.

"దేవుడిలా వచ్చావు.
అక్టోబరు నుంచీ చచ్చి పడుంది" అంది ఇష్బెల్.

నిజంగానే ఉందొక బాయిలర్.
మోకాళ్ళమీద కూచున్నాను.
మొదటి అగ్గిపుల్ల వణికి ఆరింది. రెండోది విరిగింది.
టార్చి పట్టుకున్న ఆవిడ
వెలుతుర్ని నా చేతులమీంచి
మెల్లగా గోడమీదికి తిప్పేసింది.
మూడోదానికి నీలం మంట.

గదిలో పదకొండుమంది కోట్లు విప్పారు.
టాక్సీ నడిపే టోర్క్విల్ ఎవరినీ అడక్కుండా
ఇంకో కుర్చీ లాగాడు, ఒక కాలు కుంటిది.
టీ ఇచ్చారు. కప్పు నిండా పొయ్యలేదు,
సగమే.
వాళ్ళకి తెలుసు.

నా వంతు వచ్చేసరికి
పైపుల్లో నీళ్ళు టకటకమంటున్నాయి.
పేరు చెప్పాను.
తర్వాతి మాట గొంతుకి అడ్డం పడింది.
"వచ్చే మంగళవారం కూడా రావాలి," అన్నాను,
"వాల్వు ఒకటి మార్చాలి."

ఎవరూ నవ్వలేదు.
"మార్చాలి మరి" అంది ఇష్బెల్.