సారె లేని కుండ

జాబ్రియాలో, మూడో అంతస్తులో, ఏసీ చలిలో
శుక్రవారం శుక్రవారం
అద్దాల బీరువా తాళం తీసి దుమ్ము తుడుస్తాను.
గుడ్డ వద్దంటారు బాబా, మెత్తటి కుంచె ఇచ్చారు.
"శ్వయ్ శ్వయ్" అంటూ గుమ్మంలోనే నిలబడతారు.

పై అరలో గుమ్మడికాయ, ఎర్రమట్టిది,
తొనలు తొనలుగా ఉబ్బి.
మూడు చిలకలు ముక్కులు నేలకానించి
దాన్ని మోస్తున్నాయి.
కింది అరలో జంట బుర్రలు, ఒకదాని మెడ మీద పిట్ట.
నీళ్లు పోసి వంచితే ఈల వేస్తుందట.
ఎప్పుడైనా పోశారా?
బాబా నవ్వారు. వెయ్యేళ్లు దాటిన మట్టి, తడపకూడదు.

ఓడలవాళ్లు ఆ ఒడ్డు కనుక్కోకముందటివి అన్నారు.
అంతవరకూ ఆ ఒడ్డునున్నోళ్లు తప్పిపోయి ఉన్నారా?
అడగలేదు.
"పాపం, వాళ్లకి సారె తెలీదు" అన్నారింకోసారి.
నా చేతిలో కుంచె ఆగింది.

మాది కుమ్మరిల్లు. చిట్వేలి పక్కన.
మన్ను తవ్వింది అమ్మ, జల్లించింది నేను,
తొక్కిందీ, నీళ్లు మోసిందీ, గంపకెత్తి అమ్మిందీ మేమే.
సారె మాత్రం నాయనది.
ఆడది తాకితే తిరగదన్నారు.
తొమ్మిదేళ్లప్పుడు, నాయన సంగటికి లేచినప్పుడు
ఒక్క వేలు ఆనించాను.
తిరిగింది.
ఎవరికీ చెప్పలేదు.

బాబా నమాజుకు పోయాక
ఫోను లైటు వేసి గుమ్మడి లోపలికి చూశాను.
మట్టి తాడు, చుట్టు మీద చుట్టు,
వేళ్లతో నిమిరి కలిపిన అతుకులు.
మూతి లోపలి అంచున బొటనవేలి అచ్చు,
చిన్నది, ఆడమనిషిదే అనిపించేంత.
నా వేలు పెట్టి చూడాలనిపించింది. పెట్టలేదు.
పెట్టాను.

రాత్రి వంటింట్లో ఖుబ్జు పిండి పిసుకుతుంటే
చేతులు నా మాట వినలేదు.
పిండి తాడైంది. తాడు చుట్టైంది.
సొరకాయ పొట్ట వచ్చింది, మెడ కొంచెం వంకరపోయింది.
తొడిమ దగ్గర గోటితో గాటు పెట్టి
ఓవెన్లో పెడితే
పక్కన పగిలి, ఆ సందులోంచి ఆవిరి
సన్నగా కూసింది.

"బూలా! రొట్టె?" మామా కేక.
ఓబులమ్మ ఆ ఇంట్లో అంతే మిగిలింది.
వస్తున్నానన్నాను.
నిలబడే, నోరు కాలుతుండగా,
తొడిమతో మొదలుపెట్టి
సొరకాయంతా తినేశాను.
ఆ రాత్రి రొట్టె ఆలస్యమైంది.