ఐదో తరగతి కిటికీ

గుణుపురంలో ఫాతిమా మాత బడికి
రోడ్డు ఇవతల నా కుట్టు మిషను,
అవతల ఐదో తరగతి కిటికీ.
దానికొక రెక్క ఊడిపోయింది,
అందుకే సగం చదువు నా కొట్లోకే వస్తుంది.

నేను నాలుగుతో ఆగినోణ్ణి.
మా తెలుగు బడి మూసేశారు, నేను మిషనెక్కాను.
ఆగిన చోటునుంచే ఇప్పుడు వింటున్నాను,
యాభై ఎనిమిదేళ్ళప్పుడు,
నోట్లో గుండుసూదులతో.

జూన్ అంతా భిన్నాలు.
ముప్పావులో సగమెంతని ప్రొసీనా సిస్టరు అడిగితే
కాలవలో కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.
నా టేపుకి తెలుసు.
దాన్నెవరు అడుగుతారు?

జూలైలో ఎముకలు.
రెండువందల ఆరంట.
నలభయ్యేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నాను,
భుజం, ఛాతీ, నడుం.
లోపల ఇంతమంది కాపురముంటున్నారని
ఒక్క చొక్కా కూడా నాతో అనలేదు.

వంశధార ఎర్రగా పొంగిన వారం
నేల కోత పాఠం.
కొండ కింద ఊళ్ళనుంచి నడిచొచ్చే ముగ్గురు ఆ రోజు రాలేదు.
వాళ్ళ దారిలోనే జరుగుతోంది పాఠం.

మంగళవారం మూడో గంటకి తరగతి రెండవుతుంది.
కథోలిక పిల్లలు సత్యోపదేశానికి గుడి వరండాకి,
తక్కినోళ్ళు నీతి పుస్తకంతో అక్కడే.
వరండానుంచి పది ఆజ్ఞలు వరసగా వినపడతాయి.
ఆరు దాకా నా కాలు తొక్కుతూనే ఉంటుంది.
ఏడోదాని దగ్గర
మిషను కింద రేకు డబ్బాలో
యూనిఫారాల నీలం మిగుళ్ళు కదిలినట్టుంటాయి.
దర్జీవాణ్ణి. అంతకుమించి అడక్కండి.

ఆగస్టులో ఒడిశా పటం గీసి
సరిహద్దు ఎర్ర పెన్సిలుతో దిద్దమన్నారట.
మా పెద్దక్క ఇల్లు ఆ గీతకి అవతల, బత్తిలిలో.
పొద్దున వెళ్ళి సాపాటు చేసి
దీపాలవేళకి వచ్చేస్తాను.
పెన్సిలెంత చెక్కినా
అంత సన్నటి గీత ఎవరికీ రాదు.

సెప్టెంబరులో వ్యాకరణం. కాలాలు.

జేబు చిరిగిందని ఆ సాయంత్రం వచ్చాడు
హాస్టలు గుంటడు అన్సెల్మ్ రైతా.
పుట్టాసింగి మీద కొండూరు వాడిది.
అమ్మతో సవర, ఆటలో ఒడియా, బల్లమీద ఇంగ్లీషు,
నాతో సంతలో ఏరుకున్న తెలుగు.
జేబులో మడతపెట్టిన పరీక్ష కాగితం.
ఒక వాక్యం మూడు కాలాల్లో రాయాలి, వాక్యం మీ ఇష్టం.
వీడి ఇష్టం, అమ్మ రావడం.
ఇంగ్లీషులో మూడు వరసలు,
మూడింటికీ మూడు వేర్వేరు మాటలు,
పక్కన ఎర్ర సిరా టిక్కులు.

తెలుగులో సెప్పు తాతా, అన్నాడు.

వచ్చింది, అన్నాను. అది అయిపోయినదానికి.
వస్తుంది. అది రోజూ జరిగేదానికి.
వస్తుంది. ఇది రేపటికి.

రెండూ ఒకటేనేటి?

ఒకటేరా. మా మాట అంతే.

మరైతే ఏ వస్తుందో ఎలాగ తెలుస్తాది?

నోట్లో సూదులున్నాయి, బతికిపోయాను.
డబ్బాలోంచి నీలం ముక్కొకటి తీసి
జేబుకి లోపల అస్తరు వేశాను.
డబ్బులొద్దన్నాను, ఎందుకో వాడికి చెప్పలేదు.
లాగు అంచు కూడా తిప్పి చూశాను.
జూన్‌లో రెండంగుళాలు లోపల దాచి కుట్టాను కదా,
అంగుళంన్నర అప్పుడే కావాలంటోంది వాడి కాలు.
విప్పి దింపాను. పాత మడత గీత చెరిగిపోలేదు,
తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేసినా.

ఇవాళ శనివారం, దసరా సెలవులకి బడి వదిలేశారు.
ఐదో తరగతి బోర్డుమీద ఏదో సగం తుడిచి ఉంది.
హాస్టలు పిల్లలు ఒక్కొక్కరే పెట్టె నెత్తినెట్టుకుని
అయ్య వెనకో అన్న వెనకో గేటు దాటుతున్నారు.
అన్సెల్మ్ తన రేకు పెట్టెమీద కూచుని
జేబులో చెయ్యి పెట్టి అస్తరు తడుముకుంటున్నాడు.

నేను మిషనుని గేటువైపు తిప్పుకున్నాను.
పుట్టాసింగి బస్సు నాలుగున్నరకి వస్తుంది.